నేరేడు చెట్టుకి ఎర్ర ట్యాగు

2023 మే నెల, భిలాయి సెక్టర్ 2. ప్లాంటు ఎలక్ట్రికల్‌లో రిటైరయ్యాక నేను ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా చేరాను. వానలకి ముందు కరెంటు తీగలకి తగిలే కొమ్మలు కొట్టించడం మా పని. దాన్ని లాపింగ్ అంటాం.

ఆ ఏడు నేను హై టెన్షన్ తీగల మధ్య నేరేడు చెట్టెక్కి ఓ పక్షి ప్రాణం కాపాడాను. సరే, తీగల్లో కరెంటు లేదు. చెట్టూ ఎక్కలేదు. కాపాడిన మాట మాత్రం నిజం.

మా వీధి చివర ఆ నేరేడు చెట్టు కింద ఒక అమ్మాయి రోజూ నిలబడేది, మెడలో బైనాక్యులర్‌తో. నాకు అనుమానమొచ్చింది. మా క్వార్టర్ల వెనక అందరికీ రేకుల షెడ్లున్నాయి, పర్మిషన్ ఒక్కదానికీ లేదు. నాదైతే షెడ్డు కాదు, రెండో క్వార్టరే.

"ఎవరమ్మా నువ్వు?"

"స్నేహ, అంకుల్. సర్వే చేస్తున్నా."

ఆ మాటకి పక్కింటి అప్పలనర్సమ్మ గేటు గడియ పెట్టేసింది. మా దగ్గర సర్వే అంటే వెనకే బుల్డోజర్ అని అర్థం.

"ఏటి సర్వే? దుర్భిణీతో మా వంటిళ్ళలోకి చూసే సర్వేయా?" అంది గేటు లోపల్నుంచే.

"పక్షుల సర్వే ఆంటీ. ధనేశ్ హై నా, హార్న్‌బిల్. మేరా రీసెర్చ్ ఉసీ పే హై. ఆ తొర్రలో ఫీమేల్ ఉంది. ఆ కొమ్మ కొట్టొద్దు, ప్లీజ్."

"తొర్ర ఎప్పుడో పూడిపోయింది కదా," అన్నాను.

"పూడ్చుకుంది అదే అంకుల్. గుడ్లు పెట్టడానికి లోపల కూర్చుని, సన్నటి సందు వదిలి మూసేసుకుంటుంది. మగది తిండి అందిస్తుంది. లోపల దాని రెక్కల ఈకలు రాలిపోతాయి. ఇప్పుడు ఎగరలేదు."

ఇలాంటి కథలు నేనూ చెప్తాను గనక బొత్తిగా నమ్మలేదు. అంతలో బూడిద రంగు పక్షొకటి వంకర ముక్కున రావిపండుతో వచ్చి వాలింది. సందులోంచి ఇంకో ముక్కు కొన బయటికొచ్చి పండు అందుకుంది. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది.

తొర్రున్న కొమ్మని మర్నాడే కొట్టాలి. కొట్టొద్దని రాసి స్నేహ చెట్టుకి అంటించిన కాగితాన్ని అప్పటికే ఎవరో చింపేశారు. ఆ కొమ్మ వదిలేద్దామని ఇంజినీరు సాబ్‌కి ఫోన్ చేశాను. "కొమ్మ తగిలి లైన్ ట్రిప్ అయితే జవాబు మీరు చెప్తారా?" అన్నాడు. అందుకని ఇంట్లోంచి పాత ఎర్ర ట్యాగు తెచ్చి మానుకి కట్టాను.

షట్‌డౌన్ తీసుకుని, అంటే కరెంటు ఆపించి, లైన్‌లో పనిచేసేవాడు స్విచ్చికి ఈ ట్యాగు కడతాడు. లోపల మనిషున్నాడు, ముట్టొద్దని దానర్థం. కట్టినవాడే తీయాలి.

మర్నాడు గ్యాంగ్ వచ్చింది. రంపం పట్టిన బిసాహు ట్యాగు చూసి ఆగిపోయి ఫోన్ చేశాడు. "బాబూజీ, ఆప్ కా ట్యాగ్ హై. ఆకే ఖోలియే." నేనే వచ్చి విప్పాలట.

"దుర్గ్‌లో ఉన్నానురా, రాలేను," అన్నాను. ఉన్నది నా షెడ్డులో, కిటికీ వెనక.

ఇంజినీరు వచ్చి కేకలేశాడు. అప్పలనర్సమ్మ గేటు తీసుకుని వెళ్ళి చెట్టుకి అడ్డంగా నిలబడింది. "మా ఆయన లైన్ మీద ముప్పయ్యేళ్ళు పనిచేశాడు బాబూ. ట్యాగున్న చోట ఎవురైనా చెయ్యేశారా? లోపల మనిషుంది." చివరికి ఇంజినీరు కొస రెమ్మలు మాత్రం నరికించి, తీగకి తొడుగు వేయించాడు.

ఆనాటి నుంచి స్నేహ ఫోన్‌కి మా వీధి ఆడవాళ్ళ వాయిస్ మెసేజ్‌లే. "అమ్మా, మొగుడొచ్చాడు. ఇయాల బల్లిని తెచ్చాడు." అవన్నీ ఆమె రీసెర్చ్‌లోకి ఎక్కాయట.

నా అనుమానం మాత్రం చావలేదు. "ఫొటోల్లో షెడ్లు పడ్డాయేటమ్మా?"

"పడ్డాయి అంకుల్. క్రాప్ చేసేశా."

వానలకి ముందు తొర్ర మూత పగిలి తల్లి బయటికొచ్చింది. నేను దర్జాగా ట్యాగు విప్పబోయాను.

"ఆగండన్నయ్యా!" అని అరిచింది అప్పలనర్సమ్మ. "మళ్ళీ మూసేసుకున్నాయి, చూడండి. పిల్లలింకా లోపలే ఉన్నాయి."

ట్యాగు విప్పేముందు లోపలివాళ్ళందరూ బయటికొచ్చారా అని పేరుపేరునా పిలవాలి. కొత్తగా చేరిన ప్రతి ఒక్కడికీ ఆ పాఠం నేనే చెప్పాను. ఆ రోజు ముడి మీద నుంచి చెయ్యి తీసేసి, కుర్చీ తెచ్చుకుని చెట్టు కిందే కూర్చున్నాను.