దగ్గు రాని టీబీ

వెన్నునొప్పి తట్టుకోలేక మునియక్క కూర్చుంటే, సూపర్‌వైజరు "యాక్టింగు చాలించు" అని స్టూలు లాగేశాడు. టి. నగర్‌లోని ఆ చీరల కొట్టులో పనివాళ్లు కూర్చోవడమే నేరం. పదకొండేళ్లు నిలబడి చీరలు విప్పి చూపించిన మనిషి, వంగలేక మోకాళ్ల మీద కూలబడి అడుగు అరలోని చీర తీసేది. లేవడానికి గోడ పట్టుకునేది. వీధి డాక్టరు ఏడాదిపాటు నొప్పి మాత్రలే ఇచ్చాడు. చివరికి స్కానింగులో వెన్నుపూసకు టీబీ అని తేలింది. అది అంటుకోదని పెద్దాసుపత్రి చీటీ రాసిచ్చినా, కస్టమర్లకు అంటుతుందని ఆ సూపర్‌వైజరే ఆమెను పనిలోంచి తీసేశాడు. మొన్న నడుముకు బెల్టు బిగించుకుని పెద్దాసుపత్రి మందుల వరుసలో నాకు కనబడింది.

"నొప్పంటే యాక్టింగన్నాడు, టీబీ అంటే ఆమడ దూరం పోయినాడు. వాడి మొగాన ఒక దగ్గు దగ్గి వచ్చుండాల తంబీ," అంది. "ఏం చేసేది, నాకు దగ్గే రాదే."