జనవరి మార్కులు పంపాలా, ఏప్రిల్ మార్కులా

అరసవల్లిలో మాకో చిన్న లాడ్జి ఉంది. గదులు తొమ్మిది. అడిగినవాళ్లకి పన్నెండని చెబుతాను. మిగతా మూడూ చూపించమన్నవాళ్లు ఇంతవరకూ ఎదురుపడలేదు. కౌంటరు దగ్గర తాళంచెవి చేతికందేలోపు ప్రతి యాత్రికుడూ నా దగ్గర ఒక కథ వినాల్సిందే. ఏడాదికి రెండు విడతలు మా ఊరి సూర్యుడి గుళ్లో సూర్యకిరణాలు స్వామి పాదాల మీద పడతాయని అందరికీ తెలుసు. అలాంటి ఒక ఉదయం మా తాతగారు అడ్డంగా నిలబడ్డారనీ, కిరణాలు ముందు ఆయన బట్టతల మీద పడి, అక్కణ్ణుంచి స్వామి పాదాలకు చేరాయనీ నేను చెబుతాను. ఆ తరవాత మూణ్ణెల్లపాటు ఆయన నెత్తిమీద అప్పడాలు కాల్చుకున్నాం అని కూడా అంటాను. వినేవాళ్ల ముఖాన్ని బట్టి మూణ్ణెల్లు ఆర్నెల్లవుతుంటాయి.

నా కూతురు దీనికి పూర్తిగా వ్యతిరేకం. దానికి అంకె అంటే అంకే. ఇంటరయ్యాక పుణెలో ఒక కాలేజీలో గణాంకశాస్త్రం చదవాలనీ, అక్కడ తప్ప ఇంకెక్కడా చేరననీ పట్టుబట్టింది. ఆ కాలేజీ వాళ్లు దేశమంతా రాసే ఒక ప్రవేశపరీక్ష మార్కులు చూస్తారు. ఇది రెండుసార్లు రాసింది. జనవరిలో లెక్కలు తొంభై ఒకటి, ఇంగ్లీషు యాభై ఎనిమిది. ఏప్రిల్లో లెక్కలు డెబ్బై నాలుగు, ఇంగ్లీషు ఎనభై మూడు.

ఒక్క జనవరివే పంపొచ్చు, ఒక్క ఏప్రిల్‌వే పంపొచ్చు, రెండూ పంపొచ్చు. రెండూ పంపితే ఏ సబ్జెక్టులో ఎప్పుడు ఎక్కువ వస్తే అది తీసుకుంటారట. అయితే ఇంకేం, రెండూ పంపడమే కదా అని మీరంటారు. నా కూతురూ అదే అంది. వద్దన్నది నేను.

“ఆ యాబై ఎనిమిది సూసి మొకం తిప్పేసుకుంటారే. ఏప్రిలొక్కటే పంపు.”

“రూలు రాసున్నాదమ్మా.”

“రాసిందల్లా నిజమేటి? మన గేటు మీద పన్నెండు గదులని రాసున్నాది.”

నేనెందుకు వద్దంటున్నానో మా ఇద్దరికీ తెలుసు. పైకి అనుకోలేదు, అంతే. జనవరిలో దాని పరీక్ష సెంటరు విజయనగరం ఊరి మొదట్లోనే పడింది. బస్సులో పక్క సీటావిడకి నేను తాతగారి బట్టతల మొదలుపెట్టాను. ఎంత మంచి మనిషో, ఊ కొడుతూనే ఉంది. అప్పడాల దగ్గరికి వచ్చేసరికి సెంటరు దాటిపోయింది. పిల్ల పుస్తకంలో తలపెట్టుకుని, స్టాపు నేను చూసుకుంటానని నమ్మి కూర్చుంది. తెలివొచ్చేసరికి ఊరి మధ్య బస్టాండు కాంప్లెక్సులో ఉన్నాం. ఆటోలో వెనక్కి వచ్చేసరికి గేటు మూస్తున్నారు. లోపలికైతే దూరింది గానీ, మొదటి భాగం ఇంగ్లీషు. కుదుటపడి మొదలుపెట్టేసరికి సగం టైము అయిపోయిందట.

అంచేత ఆ యాభై ఎనిమిది దానిది కాదు, నాది. నా మార్కుని పుణె దాకా పంపించడం నాకిష్టం లేదు.

ఆఖరి రోజు వచ్చేసింది. సాయంత్రం అయిదింటితో సరి. మా వైపు ఆన్‌లైన్ దరఖాస్తు ఎవరిది వాళ్లు నింపుకోవడం తక్కువ. కాగితాలు నెట్ సెంటరులో ఇచ్చేస్తే వాళ్లే నింపుతారు. మా వీధిలో ఉన్న నెట్ సెంటరు మా తమ్ముడిదే. నా కూతురు రెండు మార్కుల కాగితాలూ పొద్దున్నే మేనమామకిచ్చి, రెండూ నింపమని చెప్పి, సర్టిఫికెట్ల కోసం తన కాలేజీకి వెళ్లింది. ఫోను నంబరు మాత్రం నాది ఇచ్చింది.

నాలుగు దాటాక చేతిలో ఒక ప్రింటుతో లాడ్జిలోకి దూసుకొచ్చింది. వెనకాలే తమ్ముడు. అప్పుడే నౌపడ నుంచి వచ్చిన ఒక పెద్దాయనా, ఆయన కుటుంబమూ నా కౌంటరు ముందున్నారు.

“అమ్మా, ఏప్రిల్ ఇంగ్లీషు తొంబై ఆరేటి? ఎవరిదే ఈ మార్కు?”

“నన్నంటాదేటి అప్పా!” అన్నాడు తమ్ముడు. “వారం నుంచీ నువ్వు అందరికీ సెప్తన్నావు కదా తొంబై ఆరని. నోటికొచ్చేసినాది. మళ్లీ కాగితం తియ్యడమెందుకని కొట్టేసినాను. జనవరిది నువ్వు ఎవరికీ సెప్పనేదు, అందుకే అది కాగితం సూసి కొట్టినాను.”

నౌపడ పెద్దాయన మెల్లగా అందుకున్నాడు. “తొంబై ఆరు కాదు బాబూ. ఇప్పుడే ఈ అమ్మ తొంబై ఎనిమిదని సెప్పినారు.”

నా కూతురు ప్రింటు అడుగున ఉన్న లైను అందరికీ వినపడేట్టు చదివింది. తప్పుడు వివరాలిస్తే దరఖాస్తు రద్దు. మళ్లీ పెట్టుకోవడానికి ఉండదు.

నేను ప్రింటు లాక్కున్నాను. “ఒరే, పంపేసినావేట్రా?”

“పంపడానికే సూసినాను. నీ ఫోనుకి ఓటీపీ రెండుసార్లు కొట్టినాను. నువ్వు సూస్తేనా! ఫోన్ సేస్తే ఎత్తవు. నీ దగ్గరికే వస్తంటే ఇది ఎదురొచ్చి ప్రింటు తీయించినాది.”

ఫోను రిజిస్టరు కింద దొరికింది. రెండు ఓటీపీలూ ఉన్నాయి. రెండిటికీ గడువు దాటిపోయింది. ఆ సమయమంతా నేను నౌపడ వాళ్లకి తాతగారి నెత్తిమీద అప్పడాలు కాలుస్తున్నాను. నా కథల్లో చాలావాటికి నేను పూచీ పడను గానీ, ఇది మాత్రం జరిగింది జరిగినట్టే. ఆ అప్పడాల పుణ్యాన దరఖాస్తు ఇంకా మా వీధి దాటలేదు. కుర్చీలో కూలబడి ఎంతసేపు నవ్వానో నాకే తెలియదు. నా కూతురు నవ్వకూడదని పెదవి కొరుక్కుంది గానీ, దానివల్ల కాలేదు.

ముగ్గురం నెట్ సెంటరుకి పరిగెత్తాం. నౌపడ వాళ్ల గది తాళంచెవి నా చేతిలోనే ఉండిపోయిందని దారిలో చూసుకున్నాను.

తొంభై ఆరు పోయి ఎనభై మూడు వచ్చింది. తమ్ముడు నా వైపు తిరిగాడు. “జనవరిది ఉంచమంటావేటి, తీసేయమంటావేటి?”

“దాన్నడుగు.”

“నాను పొద్దున్నే సెప్పినాను కదా మావా,” అంది. తెర వైపు మాత్రం చూడలేదు, నన్నే చూస్తోంది.

“ఉంచరా,” అన్నాను. “ఆ యాబై ఎనిమిది నా వల్ల వచ్చిందే. కానీ పక్కనున్న తొంబై ఒకటి దానిది. నాది దాసడానికి దాన్ది దాసేస్తానేటి?”

ఓటీపీ వచ్చింది. ఒక్కొక్క అంకె చొప్పున ఆరూ చదివాను.

“అప్పా, ఇందులో ఏటీ కలపనేదు కదా?”

“కొట్టరా వెధవా!”

దరఖాస్తు అందిందని వచ్చేదాకా ముగ్గురం తెర ముందునుంచి కదల్లేదు. అప్పటికింకా అయిదు కాలేదు.

నెల తరవాత సీటిస్తున్నామని కాగితం వచ్చింది. అందులో లెక్కలు తొంభై ఒకటి, ఇంగ్లీషు ఎనభై మూడు. యాభై ఎనిమిది గురించి ఒక్క ముక్క లేదు. నేను మూడుసార్లు వెతికాను.

పుణె వెళ్లే ముందు నా కూతురు ఆ కాగితం నకలు తీసి కౌంటరు మీదే అంటించింది. మార్కులు అడిగినవాళ్లకి వేలు పెట్టి చూపించాలట, నోరు తెరవకూడదట. తెరవడం లేదు. తాతగారి నెత్తికి కాగితమేమీ అంటించలేదు గనక, అప్పడాలు మాత్రం ఇంకా కాలుతూనే ఉన్నాయి.