కండె పళ్ళు మార్చుకున్న వానాకాలం

ఈ కబురు నా దగ్గరికి మొదట తెచ్చింది కూరగాయల బండి సవితక్క. అది 2023 వానాకాలం. సూరత్‌లో మేముండే భేస్తాన్ గల్లీలో నీళ్ళు నిలిచి, ఆమె బండి సరిగ్గా మా గుమ్మం ముందే ఆగిపోయింది. గోరుచిక్కుడు తూస్తూ తూస్తూ చెప్పింది.

"చెల్లె, నువ్వు కుక్కపిల్లలకు బుద్ధులు చెప్తవ్ గదా. అవుతల గల్లీల మగ్గాల నర్సింగ్ ఇంట్ల ఒకటుంది. దొరికిందల్లా కొరుకుతుందట. ఆదివారం టెంపోల ఏసుకపోయి మిల్లుల అవుతల ఇడిసిపెడ్తరట. జర పోయి చూడరాదు."

మిల్లుల అవతల ఏముంటుందో నాకు తెలుసు. చెత్త కుప్పల మీద గుంపులు గుంపులుగా పెద్ద కుక్కలుంటాయి. ఇంట్లో పెరిగిన పిల్లను అక్కడ వదిలితే అది తెల్లారేదాకా బతకదు.

నా పని గురించి తెలియనివాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. నేను బడికి పోలేదు. అక్షరాలు నాన్న ఇంట్లోనే దిద్దించాడు. కుక్కల సంగతి మాత్రం ఒక పశువుల డాక్టరమ్మ దగ్గర, సూది వేసేటప్పుడు వాటిని కదలకుండా పట్టుకునే పనిలో నేర్చుకున్నాను. ఇప్పుడు ఎత్తయిన బిల్డింగుల ఫ్లాట్లవాళ్ళు పిలుస్తారు. కొత్తగా తెచ్చుకున్న పిల్ల చెప్పులు, సోఫాలు కొరుకుతోందంటే ఇంటికి వెళ్ళి అలవాట్లు నేర్పుతాను. దేవుడి దయవల్ల నా ఇల్లు దానితోనే గడుస్తోంది. అయితే మగ్గాల ఇళ్ళనుంచి నన్నెవరూ ఎప్పుడూ పిలవలేదు. ఈసారి కూడా పిలవలేదు. నేనే వెళ్ళాను.

నర్సింగ్ భార్య సుగుణ తలుపు తీసింది. రెండు గదుల ఇల్లు. ముందు గది నిండా చీరల కట్టలు. సలాబత్‌పురా సేఠు దగ్గరనుంచి ఆమె ధాగా కటింగ్‌కు మాల్, అంటే ఆ చీరలు, తెచ్చుకుంటుంది. నేసిన చీర వెనక వైపు, ఒక పువ్వునుంచి ఇంకో పువ్వుదాకా వదులుగా వేలాడే దారాలుంటాయి. వాటిని చీర తెగకుండా కత్తిరించడం ఆ పని. ఆ కట్టల మధ్యలోంచి గోధుమరంగు పిల్ల ఒకటి నోట్లో చీపురు పుల్లతో బయటికి వచ్చింది. నాలుగు నెలలుంటాయేమో. పేరు కండె. మగ్గం నాడెలో పెట్టే దారపు కండె లాగా ఇల్లంతా గిరగిరా తిరుగుతుందని సుగుణ మామ మల్లయ్య ఆ పేరు పెట్టాడట.

"చెప్పులు కొరికింది, ఊకున్న. చార్జర్ వైరు కొరికింది, ఊకున్న," అంది సుగుణ. "మొన్న సేఠు చీర కొంగు నమిలింది. ఇంకొక్కసారి అయితే మాల్ బంద్ అన్నడు. నాకు దీనిమీద పగ లేదక్కా. మాల్ బందయితే ఇల్లెట్ల నడుస్తది, నువ్వే చెప్పు."

"మరి పెద్దయ్య ఏమంటున్నడు?"

ఆమె లోపలి గదివైపు చూసింది. "ఆదివారం సంగతి మామకు చెప్పలే. మగ్గాల చప్పుడుకు చెవులు పోయినయ్. మాతోని మాట్లాడుడు ఎప్పుడో తగ్గించిండు. దీనితోనే ముచ్చట పెడ్తడు."

నేను కండెను ఒళ్ళో కూర్చోబెట్టుకుని పెదవి ఎత్తి చూశాను. ముందు పాలపళ్ళు రెండు ఊడిపోయి ఉన్నాయి. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. దీన్ని టీతింగ్ అంటారు. పాలపళ్ళు ఊడి గట్టిపళ్ళు వచ్చే కాలం. చిగుళ్ళు సలుపుతాయి, దురదపెడతాయి. ఏదో ఒకటి నమిలితే తప్ప ఆ పిల్లకు ప్రాణం కుదుటపడదు. మనం దాన్ని అల్లరి అనుకుంటాం. చీర పాడవడం కంటే నాకు ఇంకో భయం ఎక్కువైంది. మింగిన దారం పేగుల్లో చిక్కుకుంటే పిల్ల దక్కదు. నోట్లోంచి దారం వేలాడుతుంటే గుంజొద్దని, డాక్టరు దగ్గరికి తీసుకుపోవాలని సుగుణకు ముందు ఆ మాటే చెప్పాను.

తర్వాత పప్పీ ప్రూఫింగ్ మొదలుపెట్టాం. అంటే, కొరకకూడనివన్నీ పిల్లకు అందకుండా సర్దడం. కట్టలు మంచం మీదికి, వైర్లు గోడమీది మేకుకు, చెప్పులు గూట్లోకి వెళ్ళాయి. సవితక్క ఇచ్చిన గాజర్లు, అంటే క్యారెట్లు, ఫ్రిజ్‌లో పెట్టించాను. చల్లటి గాజర్ నమిలితే చిగుళ్ళకు హాయి. ఇక ట్రేడ్ నేర్పాను. నోట్లో ఉన్నదాన్ని లాక్కోకుండా, ఇంకోటి చూపించి మార్చుకోవడమన్నమాట. లాక్కుంటే అది ఆటైపోతుంది.

అప్పుడు మంచం కింద దాని ఆటబొమ్మ కనబడింది. చిందీని, అంటే వేస్టు గుడ్డ పేలికలను, జడలాగా అల్లి ముడేసిన తాడు. మల్లయ్య అల్లిచ్చాడట. మా సూరత్‌లో ఏ ఇంట్లో చూసినా గుడ్డ పేలికలకు కొదవుండదు కదా.

"సుగుణా, ఇది కూడా గుడ్డే. సేఠు చీరా గుడ్డే. ఏది చిందీయో, ఏది మాలో దానికెట్ల తెలుస్తది?"

ఆమె నవ్వింది. "కొన్ని చీరలు చూస్తే నాకే తెల్వదక్కా."

ఆ తాడు తీసేసి గట్టి రబ్బరు బొమ్మ ఒకటి ఇచ్చాను. ఇక సరిపోతుందనుకుని ఇంటికి వచ్చాను.

సరిపోలేదు. మళ్ళీ వెళ్ళేసరికి కండె మంచం మీదినుంచి జారిన చీర అంచు పట్టుకుని ఉంది. సుగుణ "ఇడువ్" అని గట్టిగా అరిచింది. అది తోకాడిస్తూ ఇంకా గుంజింది. లోపలినుంచి మల్లయ్య వచ్చి అంతకంటే గట్టిగా అరిచాడు. దానికి ఉత్సాహం ఇంకా పెరిగింది. చివరికి గాజర్ చూపించి చీర విడిపించాను. అది తడిసింది గానీ తెగలేదు.

నేను ఒక మూల కూర్చుని ఆ ఇంటిని గమనించాను. సుగుణ "మామా, బువ్వ తింటవా" అని అరిచింది. మల్లయ్య "జరసేపాగు" అని అరిచాడు. కండెను ముద్దు చేసినా అరుపే, తిట్టినా అరుపే. చెవులు పోయిన మనిషి ఉన్న ఇల్లది, అరవక తప్పదు. ఆ పిల్లకు అరుపంటే ఇంట్లో మామూలు మాట. ఫ్లాట్లలో నేను చెప్పే 'గట్టిగా నో అనండి' అన్న సలహా ఇక్కడ ఎందుకూ పనికిరాదు. మెల్లగా చెప్పించుదామంటే పెద్దాయనకు తన గొంతు తనకే వినపడదు. ఏం చేయాలో తోచక, మనసులోనే మార్కండేయ స్వామికి దండం పెట్టుకున్నాను. ఆదివారం ఎంతో దూరంలో లేదు.

అంతలో నర్సింగ్ మరమగ్గాల షెడ్డులో షిఫ్టు దిగి వచ్చాడు. తండ్రిని చూసి బొటనవేలు పెదవుల దగ్గర పెట్టాడు. పెద్దాయన తలూపాడు. నర్సింగ్ రెండు గ్లాసుల్లో చాయ్ పోసి, ఒకటి తండ్రికిచ్చాడు. మల్లయ్య వేలు గుండ్రంగా తిప్పి ఏదో అడిగితే, కొడుకు అరచెయ్యి అడ్డంగా పెట్టి చూపించాడు. ఒక్క మాట లేదు.

"ఏంది తమ్మీ అది?"

"మగ్గాల భాష అక్కా. షెడ్డుల చెవిల చెప్పినా ఇనపడదు. అందరం చేతులతోనే. మగ్గం బాగ నడిచిందా అని అడిగిండు, ఒకటి బంద్ పడ్డదని చెప్పిన. చెయ్యి గిట్ల పెడ్తే బంద్."

కండె నేలమీద కూర్చుని, మెడ అటూ ఇటూ తిప్పుతూ ఆ చేతులనే చూస్తోంది. నా ఒంట్లోకి ప్రాణం వచ్చింది.

పెద్దాయనకు సైగలతో, అరుపులతో నా ఆలోచన చెప్పాను. అరచెయ్యి అడ్డంగా పెడితే, నోట్లో ఉన్నది వదలాలి. వదలగానే రెండో చేతిలోంచి గాజర్ ముక్క దొరకాలి. ఆయన గోడకు ఆనుకుని కూర్చుని రబ్బరు బొమ్మతో మొదలుపెట్టాడు. విసుగన్నది లేదు. కండె పది తప్పులు చేసినా ఆ చెయ్యి అంతే నిదానంగా లేచేది.

"ఊరినుంచి కొత్తగ వచ్చినోళ్ళకు గిట్లనే నేర్పిన బిడ్డా," అన్నాడు వీధంతా వినపడేలా. "వాళ్ళకన్న ఇదే నయం. బీడీ అడగది."

సుగుణ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. మామ నోటినుంచి అన్ని మాటలు విని ఎన్నాళ్ళయిందో అని తర్వాత నాతో అంది.

ఆదివారం పొద్దున టెంపో వచ్చి గల్లీ మొదట్లో నిలబడింది. నర్సింగ్ చెడ్డవాడు కాదు. అతను సంచి పట్టుకుని గుమ్మంలో నిలబడి, "ఒక్కసారి చూస్త," అన్నాడు. సుగుణ ఒక చీర కింద పరిచి పని మొదలుపెట్టింది. కండె వచ్చింది, వాసన చూసింది, అంచు నోట పట్టింది. మల్లయ్య చెయ్యి లేపాడు. కండె ఆ చెయ్యిని చూసింది. చూసి కాసేపు ఆలోచించినట్టే ఉండి, నోరు తెరిచింది.

చీర వెనకనుంచి ఒక దారం మాత్రం దాని పంటికి చిక్కి బయటికి వచ్చింది.

"చూసినవా? గుంజింది," అన్నాడు నర్సింగ్.

సుగుణ ఆ దారాన్ని కత్తెరతో టక్కున తెంపింది. "దారాలు తెంపుడే నా పని. ఒక్కటి ఎక్కువ తెంపిన, ఏమాయె? పళ్ళొచ్చేదాక నేను మంచమ్మీద కూసొని చేసుకుంట. టెంపో ఆయనకు చాయ్ ఇచ్చి పంపియ్యి."

నర్సింగ్ సంచి మడిచి వెళ్ళి, టెంపో అతన్ని చాయ్‌కి పిలుచుకొచ్చాడు.

అన్న మాట ప్రకారమే ఆమె ఆ వానాకాలమంతా మంచమ్మీదే కాళ్ళు ముడుచుకుని పనిచేసింది. నడుం నొప్పని ఒకరోజు నాతో అంది, అంతే. గట్టిపళ్ళన్నీ వచ్చాక కండె కొరకడం దానంతటదే తగ్గింది. ఇప్పుడు అది పెద్దదై గుమ్మంలో పడుకుంటోంది. మల్లయ్య దానితో ముచ్చట్లు చెబుతూనే ఉన్నాడు. ఈ మధ్య సుగుణతో కూడా చెబుతున్నాడట.

ఇప్పుడు ఏ ఇంటికి వెళ్ళినా ముందు పిల్ల పళ్ళు చూడను. ఆ ఇంట్లో మనుషులు ఒకరినొకరు ఎలా పిలుచుకుంటారో చూస్తాను. ఆ పిల్లకు అప్పటికే తెలిసిన భాష అదే. నేర్పేదేదైనా అందులోనే నేర్పాలి. ఈ పాఠం నాకిచ్చినందుకు ఆ ఇంటికి నేను రుణపడి ఉన్నాను.

ఈ సంగతి విన్నవాళ్ళంతా పెద్దాయన చేతిని మెచ్చుకుంటారు, కుక్కపిల్ల తెలివిని మెచ్చుకుంటారు. మెచ్చుకోవలసినవే. కాని మీరు దీపం పెట్టేటప్పుడు, మీకిష్టమైతే, సుగుణ పేరు కూడా ఒక్కసారి తలుచుకోండి. ఆ కుక్కపిల్లవల్ల నష్టపోయేది ఆమె ఒక్కతే. ఉండనివ్వమన్నదీ ఆమే.