అత్త కన్నుకు ఫ్రేము

ఆ రోజుల్లో, అంటే మెడలో ఐడీ కార్డు తీయకుండా ఇంట్లో కూడా తిరిగిన రోజుల్లో, కంటి జబ్బుల గురించి నాకు తెలియనిది లేదనుకునేవాణ్ణి. బెంగళూరు కుందలహళ్ళిలో చిన్న కంపెనీ. కంటి వెనకుండే రెటీనాను చేతిలో ఇమిడే కెమెరాతో ఫోటో తీసి, జబ్బుందో లేదో చెప్పే సాఫ్ట్‌వేర్ తయారుచేస్తున్నారు. ఫోటోలు తీయడం వరకే నా పని. స్పష్టంగా వస్తే స్క్రీన్ మీద ఆకుపచ్చ టిక్కు పడేది. (జబ్బు చెప్పే భాగం అప్పటికింకా తయారు కాలేదు. ఆ ముక్క ఇంట్లో చెప్పలేదు. చెబితే నా పరువేం కాను?)

చేయి తిరగడానికి చుట్టాల కళ్ళ మీద పడ్డాను. అందరూ తప్పించుకున్నారు, మేనత్త ఒక్కతే దొరికింది. పాత బెంగళూరులో జాకెట్లు కుట్టి బతికే మనిషి, పైగా షుగరు. "బేగ తీయప్పా, గిరాకీ వచ్చే టైము" అంటూనే రెప్ప వేయకుండా కూర్చుంది. ఆమె ఎడమ కన్నంత చక్కగా ఏ కన్నూ రాలేదు నాకు. నారింజరంగు గుండ్రం, ఎర్రటి నరాలు, మధ్యలో పసుపు చుక్కలు. టిక్కు పడింది! "ఏమన్నా ఉండాదా?" అంది. "ఏమీ లేదత్తా, ఫస్ట్ క్లాస్!" అన్నాను. అంతటితో ఊరుకున్నానా? ప్రింటు తీయించి, ఫ్రేము కట్టించి, ఆమె కుట్టుమిషను ఎదురుగా గోడకు తగిలించాను. "నా కన్ను. మావాడు తీసినాడు. బూందీ చల్లినట్ల ఎంత బాగుండాదో చూడండి" అని వచ్చినవాళ్ళందరికీ చూపించేది. ఇప్పటికీ నేను బూందీ ముట్టను.

అప్పటికే సూదిలో దారం నాచేత ఎక్కించుకునేది. "ఈ మధ్య దారం సరింగ వస్తా లేదప్పా" అనేది. కంటి టెక్నాలజీ మీద ఉపన్యాసమిస్తూ దర్జాగా ఎక్కించి ఇచ్చేవాణ్ణి. ఆ ఇంట్లో నా అంత గుడ్డివాడు ఇంకొకడు లేడు.

ఏడాది తర్వాత జబ్బు చెప్పే భాగం తయారైంది. పరీక్షించడానికి పాత ఫోటోలన్నీ ఎక్కిస్తే అత్త కంట్లోని ఆ పసుపు చుక్కల చుట్టూ, జబ్బుకు గుర్తుగా, ఎర్ర గీత పడింది. ఆఫీసు డాక్టరమ్మ ముఖం మారిపోయింది. "ఎవరిది? ట్రీట్‌మెంట్ చేయిస్తున్నారా?" అని అడిగారు. "గోడకు తగిలించామండీ" అన్నాను. (నిజంగా అదే అన్నాను.)

లేజరు, కంట్లోకి ఇంజెక్షన్లు, అన్నీ అయ్యాయి. కుడి కన్ను నిలిచింది, ఎడమది దక్కలేదు. అత్త నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంటే బాగుండేది. ఫ్రేము తీసేయబోతే మాత్రం చేయి పట్టుకుంది. "ఉండనీప్పా. గోడ మింద ఉండేదన్నా బాగుండాది కదా."

ఇప్పుడు నాకూ షుగరు వచ్చింది. వారానికోసారి వెళ్ళి అత్తకు సూదులన్నిటికీ దారం ఎక్కించి వస్తాను. మొన్న మూడుసార్లు తప్పింది. "దారం సరిగా రావడం లేదత్తా" అన్నాను. అత్త మిషను ఆపి, ఉన్న ఒక్క కన్నుతో నన్ను తేరిపార చూసింది.

"రేపే పోయి ఫోటో తీపిచ్చుకోప్పా. ఫ్రేము మాత్రం కట్టించొద్దు."

నవ్వొచ్చింది. దారం కొస తడిపి మళ్ళీ ప్రయత్నించాను.