రెండో సున్నా

ఈ ఉదయం పెనుకొండ పశువుల క్లినిక్ ల్యాబ్‌లో ఉన్నవాళ్లు: నేను, ఒక గొర్రెల కాపరి, అతని కుక్క. బల్ల మీద ఉన్నవి: మైక్రోస్కోపు, బ్లేడు, పారఫిన్ సీసా. గది నిండా కాలిన ఇంజన్ ఆయిల్ వాసన. వెంట్రుకలు రాలిపోయిన కుక్కకు కాపరి ఆ ఆయిలే దట్టంగా పూసి తెచ్చాడు. ఆ వాసన తగలగానే పద్మావతి మేడం గుర్తొచ్చారు.

ఆమె హిందూపురంలో పశువుల డాక్టరు. నేను ఆమె దగ్గరే ల్యాబ్ టెక్నీషియన్‌గా పని మొదలుపెట్టాను. వారానికొకసారి ఇద్దరం ప్యాసింజర్ రైల్లో ధర్మవరం వెళ్లేవాళ్లం. అక్కడ నాగప్ప అనే నేతగాడి కుక్క రాజుది కూడా ఇదే వాసన. గజ్జి పిల్లలకు అంటుకుంటుందని, కుక్కను రైలు కట్ట అవతల వదిలి రమ్మని వీధంతా పట్టుబట్టింది.

“ఏమప్పా, ఈ ఆయిలు ఎవురు పూసిరి?” అని నాగప్పను అడిగారు మేడం.

“నేనేమ్మా. గజ్జి పోతాదంటే పూసినా.”

“గజ్జి సంగతేమో గానీ, దీన్ని నాకి నాకి కుక్కే పోతాది.”

సబ్బుతో కడిగించి, చర్మాన్ని వేళ్లతో నొక్కి, నెత్తురు చెమర్చేదాకా బ్లేడుతో గీకారు. పైపైన గీకితే వెంట్రుకల కుదుళ్లలోని పురుగు దొరకదనేవారు. మా వెంట తెచ్చిన మైక్రోస్కోపు కింద స్లైడు పెట్టి నా వైపు జరిపారు.

“ఏం కనపడతాండాయి?”

“పొడుగ్గా, తాగే చుట్టల మాదిరి ఉండాయి మేడం. కదులుతాండాయి.”

ఆమె కూడా చూసి, గుమ్మంలో నిలబడ్డ పక్కింటి అవ్వ వైపు తిరిగారు. “గుండ్రటి పురుగైతే కుక్కను దూరం పెట్టమని నేనే చెప్పుంటాను. ఇది పాలు తాగేటప్పుడే తల్లి నుంచి వచ్చింటాది. ఒంట్లో శక్తి తగ్గితే పెరుగుతాది. మీ పిల్లోళ్లకు అంటదవ్వా.”

“మీరేం, చెప్పేసి రైలెక్కి పోతారు. ఈడ ఉండేది మేము కదా!” అంది అవ్వ.

మేడం వీధికంతా కనపడేలా అరుగు మీద కూర్చుని, రాజు తలను ఒళ్లో పెట్టుకుని టీ అడిగారు. మేమెక్కాల్సిన రైలు కూత వేసుకుంటూ వెళ్లిపోయింది. ఆమె ఇంకో టీ అడిగారు. చీకటి పడే వేళకు అవ్వే దిగొచ్చింది. “ఇంగ లేయమ్మా తల్లీ, కుక్క ఈడే ఉండనీలే!”

మందు మొదలుపెట్టాం. నెల తేడాతో వరసగా రెండుసార్లు స్లైడులో పురుగుల లెక్క సున్నా వస్తేనే నయమైనట్టు, ఒక్క సున్నాను నమ్మకూడదు అనేది మేడం పట్టుదల. మొదటి సున్నాను ఆమె చూశారు. మరుసటి పరీక్షకు ముందే గుండెపోటుతో పోయారు. నేనొక్కణ్నే ధర్మవరం వెళ్లాను. “మేడం యాడప్పా?” అని అడిగింది అవ్వ. చెప్పాను. అవ్వ రాజు పక్కన కూర్చుని దాని తల నిమిరింది.

“ఇంట్లోకి రానీయొచ్చునా సార్?” అంటున్నాడు ఇక్కడ కాపరి.

“స్లైడు చూడనీ అన్నా.”

చూడకుండా మాట ఇవ్వకూడదని నేర్పింది మేడమే. ఇప్పటికీ మైక్రోస్కోపుకు కన్ను ఆనించాక ఒక్క క్షణం ఆగుతాను, పక్కనుంచి “ఏం కనపడతాండాయి?” అని వినపడుతుందేమోనని. ధర్మవరంలో రాజు రెండో పరీక్ష రోజూ అలాగే ఆగాను. తర్వాత లెక్కపెట్టాను. బతికిన పురుగులు సున్నా. చచ్చినవి సున్నా. గుడ్లు సున్నా.