ముఖం ఇటు తిప్పమన్న బొమ్మ

నేను గీసిన లంక బొమ్మలు చూసినవారు తరచుగా ఒక సందేహం వెలిబుచ్చుతూ ఉంటారు: చెట్లకు ఇచ్చిన మర్యాద మనుషులకు ఇవ్వలేదేమని. గోదావరి పాయల నడుమ ఉన్న ఏ లంకలోనైనా ఒక్క పూట నిలబడి చూస్తే ఆ సందేహం తీరిపోతుంది. అక్కడ కొబ్బరిచెట్టు ఆకాశాన్ని అడిగి పెరుగుతుంది. మనిషి ఎంత నిక్కినా తన ఎత్తు దాటడు. కొలత తప్పకుండా గీస్తే మనిషి చీమ కాక తప్పదు. డెబ్బైల చివర రాజోలు దగ్గర ఒక హైస్కూలులో డ్రాయింగు మాస్టరుగా ఉన్న రోజుల్లో, వేసవి సెలవులలో పడవ దాటి ఎదుటి లంకకు పోయి, నీటిరంగులతో ఇటువంటి చీమలను చాలామందిని చిత్రించాను. వారెవరూ నాపై ఫిర్యాదు చేయలేదు. ఫిర్యాదు వచ్చింది ఒక్కసారే. అదీ బొమ్మలో ఉన్నాయన నుంచి కాదు, ఆయన భార్య నుంచి.

ఒకనాటి ఉదయం ఏటిగట్టున పీట వేసుకొని అరటితోట గీస్తుండగా ఆవిడ వచ్చింది. కొట్టిన కొబ్బరిబొండం ఒకటి నా పక్కన పెట్టి, నేను తాగడం పూర్తయ్యేదాకా ఓపికగా నిలబడి, అప్పుడు విషయానికి వచ్చింది.

“మాస్టారండీ, మా ఆయన్ని మీరు గీసేరంట గదండీ.”

నేను తెల్లబోయాను.

“ఇస్కూల్లో హెడ్మాస్టరుగారి గదిలో ఏలాడదీసేరంటండీ. మా అబ్బాయి అక్కడ చదువుకున్నప్పుడు చూసేడు.”

అప్పుడు జ్ఞాపకం వచ్చింది. పడవలోనుంచి చూసిన లంక బొమ్మ అది. ఒడ్డు పొడుగునా కొబ్బరిచెట్లు. వాటిలో ఒకదాని మొవ్వు దగ్గర దింపు తీస్తున్న మనిషి, అంటే కాయలు కోసి కిందికి దించుతున్న మనిషి, మనవైపు వీపు పెట్టి ఉంటాడు. కుంచె మొనతో పెట్టిన రెండు చుక్కలే ఆయన: పైది తల, కిందిది గోచీ. ఆ రెండు చుక్కలూ కలిసి ఒక గృహస్థు అవుతారని, ఆయనకొక భార్య, కుమారుడు ఉంటారని గీసేటప్పుడు నాకు తట్టనే లేదు.

ఆయన లంకలో సగం తోటలకు దింపు తీసినవాడట. అంతెత్తు చెట్ల మీద ఏ ఆపదా రాని మనిషి, అంతకు రెండేళ్ల క్రితం నేల మీద మంచంలో పడుకొని జ్వరంతో పోయాడట. ఇప్పుడు కొడుక్కి పెళ్లి కుదిరింది. ఆడపెళ్లివారు అంబాజీపేట వైపు వారు. పందిట్లో పెళ్లికొడుకు తండ్రి పటం పెట్టి దండ వేయాలి. కొత్త దంపతులు దానికి నమస్కరించాలి. కాని ఆయన జీవితంలో ఒక్క ఫొటో కూడా తీయించుకోలేదు.

“ఫొటో తీయించుకుంటే ఆయుస్సు తగ్గుద్దనేవోరండీ,” అన్నదావిడ. “తీయించుకోకుండానే తగ్గిపోయిందండీ.”

నేను ఖాళీ బొండాన్ని పీట కిందికి నెట్టాను.

“అందుకనండీ, ఆ బొమ్మలో ఉన్న మనిషిని కాస్త పెద్ద చేసి, మొహం ఇటు తిప్పి ఇప్పించండి.”

చిత్రకళ యొక్క పరిమితులను గురించి ఎంతో సౌమ్యంగా వివరించబోయాను. బొమ్మలో వీపు ఉంటే దాని అవతల ముఖం ఉండదని, అవతల ఉండేది కాగితమేనని చెప్పాను. ఆవిడ శ్రద్ధగా విన్నది. నేను నాకు రాని పనిని మర్యాదగా తప్పించుకుంటున్నానని ఆవిడకు అర్థమైనట్టు నాకు అర్థమైంది.

“రాజోల్లో స్టూడియో ఆయన, తీర్థంలో గుంపులో నించున్న మా పెదమావగార్ని ఇవతలికి లాగి, ఇంత చేసి, కోటు కూడా తొడిగేడండీ. ఆయన జల్మలో కోటెరగరు. తవఁరు ఆయన కంటే పెద్ద చదువు చదివేరు గదండీ.”

మా ఇంట వేదం తరతరాలుగా ఉన్నది. నేను కుంచె పట్టడం ఇష్టం లేకపోయినా మా నాన్నగారు నాకు కావ్యాలన్నీ వల్లె వేయించారు. ఇంత సంప్రదాయం వెనుక ఉండగా, కోటు తొడగడం మాత్రమే వచ్చిన ఒక స్టూడియోవానికి తీసిపోవడం నాకు రుచించలేదు. సరేనన్నాను. ముఖం తిప్పడం కుదరదు గాని, చూసినవారు చెబితే కొత్తగా గీస్తానన్నాను.

మరునాడు ఆవిడ ఇంటి వాకిట్లో ఆ ముఖాన్ని నిర్ణయించడానికి సభ తీరింది. చనిపోయినాయన అన్నగారు భుజాన తువ్వాలుతో వచ్చి ముందుగా కుర్చీ ఆక్రమించారు. ఆయన తర్వాతిదైన అక్కగారు నులకమంచం మీద కూర్చున్నది. పెళ్లికొడుకు స్తంభానికి ఆనుకొని నిలబడ్డాడు.

“ముక్కు నాదే వేసుకోండి, మాస్టారూ,” అన్నారు అన్నగారు, ముఖం నాకు పక్కవాటుగా తిప్పి. “మా ఇద్దరిదీ ఒకటే ముక్కు.”

“తమ్ముడిది కోటేరేసినట్టుండేది,” అన్నది అక్కగారు. “నీది చూసుకో అన్నయ్యా, మీద పీట పడ్డట్టుంటది.”

“చిన్నప్పుడు నాదీ అంతేనే. వయసు మీద వాలింది.”

“అయితే వాలకముందుది వెయ్యమను. కళ్లు మాత్రం నాయి పెట్టండి మాస్టారూ. మా ఇద్దరికీ తేడా తెలవదని మాయమ్మ అనేది.”

“తేడా తెలవకపోడానికి మీరేవన్నా కవలలా?”

గడ్డం పెళ్లికొడుకుదని ఏకగ్రీవంగా తేలింది. చెవులు మళ్లీ అన్నగారివే. మీసం దగ్గర సభ రెండుగా చీలింది. తమ్ముడికి గుబురు మీసం ఉండేదని అక్కగారు అంటే, తలుపు దగ్గర నిలబడ్డ భార్య మొదటిసారిగా నోరు విప్పింది.

“పెళ్లినాటికి ఉందండీ, వదినగారూ. తరవాత నేనే తీయించేసేను.”

“మా తమ్ముడి మీసం నీకేం అడ్డం వచ్చిందే?”

అన్నగారు ఏటివైపు చూశారు. నేను కుంచెలు కడగడంలో నిమగ్నుడనయ్యాను.

ఇల్లు చేరి పనిలో పడ్డాను. కావ్యనాయకులకు చంద్రుడు ముఖాన్ని, తామరలు కన్నులను అరువిచ్చినప్పుడు, ఈయనకు అన్నగారు ముక్కును, అక్కగారు కళ్లను ఇవ్వడంలో తప్పేమున్నదని ధైర్యం చెప్పుకున్నాను. ముక్కును కాలంలో వెనక్కి నడిపించి నిటారు చేశాను. గడ్డానికి వయసు పెంచాను. పూర్తయ్యేసరికి ఒక గంభీరమైన పురుషుడు నావైపు చూస్తూ కూర్చున్నాడు. కోటు తొడగకుండా నిగ్రహించుకున్నాను.

పటాన్ని దుప్పటిలో చుట్టి పడవ దాటించి, వారి అరుగు మీద కుర్చీలో నిలబెట్టి, అందరూ చేరాక దుప్పటి తీశాను. ఇంటావిడ అప్పటిదాకా మంచం పట్టె మీద కూర్చొని చింతపండు పిక్కలు తీస్తున్నది. చటుక్కున లేచి, పైట భుజాల నిండా కప్పుకొని, తలుపు చాటుకు వెళ్లిపోయింది. అన్నగారి చేయి తనంతట తానే భుజం మీది తువ్వాలును కిందికి దించింది.

“నాన్న,” అన్నది అక్కగారు.

“ఆయ్. మా మావగారండీ,” అన్న మాట తలుపు వెనుకనుంచి చాలా సన్నగా వినబడింది.

అరువిచ్చినవారంతా ఆ ముక్కూ కళ్లూ ఎవరి దగ్గర తెచ్చుకున్నారో, అవన్నీ కలిసి ఆ యజమాని దగ్గరకే పోయి చేరాయి. కొడుకు కోసం వేసిన వలలో తండ్రి పడ్డాడు. ఆ పెద్దాయనకు కూడా ఫొటో లేదట. అన్నాచెల్లెళ్ల ఆనందానికి మేర లేదు. పెద్దకొడుకును గనుక పటం తనదేనని అన్నగారు దాన్ని చంకన పెట్టుకొని బయలుదేరారు. ఆడపిల్లకు మాత్రం నాన్న కాడా అంటూ అక్కగారు వెంటపడింది. వారి వాదం తోటల్లో చాలాదూరం వినబడింది.

పటం గడప దాటాకగాని ఇంటావిడ తలుపు చాటునుంచి ఇవతలికి రాలేదు.

“బతికున్నన్నాళ్లూ ఆయనెదర కూచోలేదండీ. పందిట్లో ఆయన్ని పెడితే నేను పెళ్లి ఎలా చేయించనండీ?” అన్నది. ఖాళీ కుర్చీని గోడవారకు జరిపి, “ఇంకోటి కూడా అయ్యిందండీ. నిన్నటిదాకా మా ఆయన మొహం కాస్త కాస్త గుర్తుండేది. ఇప్పుడు తలుచుకుందారంటే మావగారే వత్తున్నారు,” అన్నది.

నా చదువు ఆవిడకు చేసిన ఉపకారం అది. ఉన్న కాస్త ముఖమూ పోయింది. పెళ్లి చూస్తే వారంలో పడింది. ఆ ముఖాన్ని అందరికంటె దగ్గరగా చూసిన మనిషిని సభలో నేను ఒక్క ప్రశ్నా అడగలేదన్న సంగతి అప్పుడు తోచింది.

“ముఖం సంగతి వదిలేయండమ్మా,” అన్నాను. “ఆయన్ని తలచుకుంటే మీకేం కనపడుతుంది?”

“ఏం కనపడతాదండీ. దింపు రోజున కింద కాయలేరేదాన్ని నేనే. కాయ ఎటు పడుద్దో చూసుకోవాలి గదండీ, పైకి చూసేదాన్ని. అరికాళ్లు కనపడేయి.” ఆవిడ చింతపండు చేట మళ్లీ ఒళ్లోకి తీసుకున్నది. “ఎడం మడమకి పగులుండేదండీ. ఆవఁదం రాసుకోమంటే వినేవోరు కాదు, చెట్టు జారుద్దని. బొటనేలు అయితే పక్కకి ఇంత తిరిగిపోయుండేది, చెట్టు పట్టుకుని పట్టుకుని. పైనించి ‘తప్పుకో’ అనేవోరు. నన్ను పేరెట్టి పిలిచింది లేదండీ. తప్పుకో అన్నారంటే నన్నే.”

పడవ వేళయ్యేదాకా ఆవిడ ఆ పాదాల గురించే చెప్పింది. నేను ఏ అలంకారగ్రంథంలోనూ అంత వర్ణన చదవలేదు.

మరునాడు వారి దొడ్లో కొబ్బరిచెట్టు కింద చాప పరచుకొని వెల్లకిలా పడుకున్నాను. పెళ్లికొడుకు నాకోసం చెట్టెక్కాడు. దారిన పోయేవారు ఆగి, “మాస్టారు పడిపోయేరేంటండీ?” అని అడగడం, ఇంటావిడ, “లేదండీ, బొమ్మ గీత్తన్నారు,” అనడం, వారు నమ్మకుండానే వెళ్లడం జరుగుతూ ఉన్నవి. మనుష్యులను శిరస్సు మొదలుకొని, దేవతలను పాదాలు మొదలుకొని వర్ణించాలని మా నాన్నగారు చెప్పేవారు. నేను పాదాలతోనే మొదలుపెట్టాను గాని ఆ నియమం ఆలోచించి కాదు. నాకు దగ్గరగా ఉన్నవి అవే. నూనెరంగుల బొమ్మ నిండా రెండు అరికాళ్లు, వాటి నడుమ చెట్టు బోదె, పైకి పోయినకొద్దీ సన్నబడే మనిషి, మట్టల్లో కలిసిపోయిన తల. మడమలు మాత్రం ఆవిడ చెప్పినట్టు గీశాను.

పెళ్లినాడు పందిట్లో ఆ పటం చూసి అన్నగారు నిర్ఘాంతపోయారు.

“శుభమా అని పెళ్లి జరుగుతుంటే, వచ్చినోళ్లకి కాళ్లు చూపించే పటమేంటండీ?” అంటూ తమ నాన్నగారి పటాన్ని తెప్పించి దాని పక్కన పెట్టారు. దానితో ఇంటావిడ పెళ్లిపనులన్నీ పందిరి వెనుకనుంచి తిరిగి చేయవలసివచ్చింది.

ఆడపెళ్లివారిలో పెద్ద, పెళ్లికూతురి మేనమామ. ఆయన కళ్లజోడు సర్దుకొని బొమ్మను చాలాసేపు పరిశీలించారు.

“వియ్యపురాలుగారూ, ఇందులో బావగారు ఏరండీ?”

“చెట్టు మీదున్నారండీ.”

“మొహం కనపడ్డం లేదు గదండీ.”

“పనిలో ఉన్నారండీ,” అన్నదావిడ పందిరి గుంజ చాటునుంచి. “పిల్లలు దణ్ణం పెట్టేది కాళ్లకే గదండీ. అయి ఉన్నాయి.”

మేనమామగారు కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. వధూవరులు వంగి నమస్కరించారు. పెళ్లికూతురు పద్ధతి తెలిసిన పిల్ల. పటంలో ఎడమపాదాన్ని వేళ్లతో తాకి కళ్లకద్దుకున్నది. వ్యవధి లేక నూనెరంగు సరిగా ఆరలేదు. పిల్ల కనురెప్పల మీద గోధుమరంగు మరక అంటింది. ఆడపెళ్లివారిలో కలకలం పుట్టింది. నేను జేబురుమాలు తీసి లేవబోయాను.

అంతలో ఇంటావిడ పందిరి వెనుక దారి మరిచి, మామగారి పటానికి అడ్డంగా నడిచి వచ్చి, కోడలి గడ్డం పట్టుకొని ఆ మరకను దగ్గరగా చూసింది. చూసి, తుడవబోయిన వారి చేతులు పక్కకు తోసింది.

“ఉండనివ్వండి. దింపు నించి వచ్చి ముట్టుకుంటే నాకూ అలాగే అంటేదండీ,” అన్నది.

పెళ్లయిన తర్వాత, పటంలో వేలిముద్రలు పడ్డ చోట రంగు సరిచేసి ఇస్తానని రెండుమూడు సార్లు కబురుచేశాను. బొమ్మ బాగానే ఉందని, రావద్దని ఆవిడ చెప్పి పంపింది.