ఏడున్నరకు చదివే ఆనవాళ్లు

మంచిర్యాలలో మా పెద్దమ్మ ఇంట్లో పొద్దున ఏడున్నరకు ఎవరూ మాట్లాడకూడదు. అది పోలీసుల సెట్టు వినే వేళ.

ఆమె భర్త, మా పెద్దబాపు, రేడియోలు, టీవీలు బాగుచేసేవాడు. ఒక పాత రేడియోలో ఏవో మార్చి పోలీసు వైర్‌లెస్ వినబడేట్టు చేశాడు. వాడకట్టు వాళ్లు వచ్చి నవ్వుకుంటూ వినేవారు. నిరుడు ఇచ్చోడలో ఎవరిదో టీవీ బాగుచేసొస్తానని బస్సెక్కిన పెద్దబాపు మళ్లీ రాలేదు. ఫోను స్విచాఫ్. స్టేషన్‌లో ఫిర్యాదు ఇచ్చారు, ఫొటో ఇచ్చారు.

అప్పట్లో ఏడున్నరకు కంట్రోల్ రూం నుంచి గుర్తు తెలియని శవాల ఆనవాళ్లు చదివేవారు. మగ, సుమారు యాభై, చామనఛాయ, గళ్ల లుంగీ. పెద్దమ్మ నోటుబుక్కులో రాసుకుని పక్కన ‘కాదు’ అని పెట్టేది. తర్వాత ఆ మనిషి కోసం ప్రార్థన. వాళ్ల చర్చిలో పోయినవాళ్ల పేరు చెప్పి ప్రార్థిస్తారు. పేరు లేనివాళ్లకు ఆనవాళ్లే పేరు, అనేది పెద్దమ్మ. ‘కాదు’ రాశాకే పొయ్యి వెలిగించేది.

తర్వాత పోలీసులకు కొత్త సెట్లు వచ్చాయి. వాళ్ల మాటలు బయటి రేడియోలకు అందకుండా తాళం పడింది. ఏడున్నరకు గురగుర తప్ప ఏమీ రాదు.

నేను ఆఫీసులో గొడవపడి, ల్యాప్‌టాప్ అక్కడే పడేసి హైదరాబాద్ నుంచి వచ్చేసరికి తాళం పడి నాలుగు నెలలైంది. పెద్దమ్మ ఇంకా ఆ గురగుర ముందే కూర్చుంటోంది. నాకు ఒళ్లు మండింది. ఆ రోజే స్టేషన్‌కు పోయాను.

“మా పెద్దమ్మకు రోజూ ఆ ఆనవాళ్లు ఫోన్‌లో చెప్తే మీదేం పోతది?” అన్నాను.

స్టేషన్ రాతపని చూసే రైటర్ రాయడం ఆపలేదు. “ముందు కూసో చెల్లె. ఇంతకుముందు సెట్ల ఎవల ఫోన్ నంబర్ చెప్పినా బజార్ల తెలిసేది. ఆడపిల్లల పేర్లు సుత. గందుకే బంద్ చేసిండ్రు. మీ పెద్దబాపు జాడ దొరికితె మేమే ఫోన్ చేస్తం గద.”

“చెయ్యకపోతే?”

“దొరకలే అన్నట్టు.” అప్పుడు తలెత్తాడు. “గింత కోపమున్నదానివి నువ్వే మా డిపార్ట్‌మెంట్‌ల చేరరాదు?”

అతను చెప్పిందాంట్లో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. దాంతో ఇంకా మండింది.

ఇంటికొచ్చి నోటుబుక్కు తెరిచాను. తాళం పడిన తర్వాత కూడా పేజీలు నిండుతున్నాయి. మగ, నలభై, పొట్టి. కాదు. మగ, యాభై ఐదు, నీలం అంగీ. కాదు. మగ, అరవై, బట్టతల. కాదు. పేజీ పేజీకీ ఆ మనిషి పెద్దబాపుకు దగ్గరవుతున్నాడు. చివరిది ఆ పొద్దుటిదే: మగ, అరవై రెండు, బట్టతల, ఎడమ అరచేతిల కాలిన మచ్చ.

సోల్డరింగ్ ఐరన్ జారి పెద్దబాపు అరచేయి కాలిన మచ్చ అది. చిన్నప్పుడు ఆ మచ్చ మీద వేలు పెట్టి ఆడుకున్నాను. దాని పక్కన ‘కాదు’ లేదు. ఆ రోజు పొయ్యి కూడా వెలగలేదు.

“గిది యాడ విన్నవ్ పెద్దమ్మా?”

“సెట్ల.”

“సెట్ల మాటలు బంద్ అయ్యి నాలుగు నెలలాయె.”

“బంద్ కాలే బిడ్డా. జర లోపలికి పోయినయ్, అంతే.”

కోపంతో రేడియో ప్లగ్గు పీకబోయాను. ఆమె ఆపలేదు. నా చెయ్యి వైపు ఊరికే చూస్తూ కూర్చుంది. పీకలేకపోయాను.

మర్నాడు నేనే పక్కన కూర్చున్నాను. గురగురను ఫోన్‌లో రికార్డు చేసి, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని సౌండ్ మొత్తం పెంచాను. ఏమీ లేదని చూపిద్దామనే. మొదటిసారి ఏమీ లేదు. రెండోసారి, గురగుర కింద ఎవరో వరసగా ఏదో చదువుతున్నట్టుంది. మాటలు తెలియవు. చదివే లయ మాత్రం తెలుస్తోంది, మధ్యలో గుక్క తిప్పుకోవడం కూడా. మూడోసారి వినలేదు. డిలీట్ చేశాను.

పెద్దమ్మ పెన్సిల్ నా వైపు జరిపింది. “నాకు సక్కగ ఇనవడుతలేదు. నీ చెవులు మంచియి. నువ్వు రాయి.”

నిన్నటి పేజీ అలాగే తెరిచి ఉంది.

ముందు ఆ మచ్చ పక్కన ‘కాదు’ అని రాశాను. ఆమె చూస్తుండగానే రాశాను.

“గట్టిగ ఇన్నవా?”

“ఆ.”

“ఇయ్యాల ఎవలన్న ఉన్నరా?”

“ఎవ్వరు లేరు పెద్దమ్మా.”

ఆమె కళ్లు మూసుకుని ఎవరి కోసమో చాలాసేపు ప్రార్థన చేసింది. తర్వాత లేచి పొయ్యి వెలిగించింది.

ఇప్పుడు మళ్లీ హైదరాబాద్‌లో ఉంటున్నాను. రోజూ ఏడున్నరకు ఆమె ఫోన్ చేసి, రేడియో దగ్గర పెడుతుంది. నేను విని, ఎవ్వరు లేరని చెప్తాను. నా ఫోన్ మాత్రం చెవికి దూరంగా పట్టుకుంటాను.